పసుపు పడ్డ కార్పెట్: మనమే కడుక్కోవాలా, మనిషిని పిలవాలా? ఎలా తేల్చుకోవాలి, ఎలా చెయ్యాలి

ముందు సబ్బులూ మిషన్లూ అన్నీ పక్కన పెట్టి కార్పెట్ మీద కూర్చోండి. ఇంట్లో అందరూ ఎక్కువ తిరిగే చోట, అంటే హాల్లో సోఫా ముందో, కిచెన్ టైల్స్ అయిపోయి కార్పెట్ మొదలయ్యే గీత దగ్గరో, అరచెయ్యి గట్టిగా అదిమి పది సెకన్లు ఉంచి తీసి చూడండి. చేతికి గరుకుగా ఇసక తగిలితే అది వాక్యూమ్‌తో పోయే దుమ్ము. జిగటగా ఉంటే ఇంతకుముందు ఎవరో కడిగి సబ్బు సరిగ్గా తియ్యకుండా వదిలేశారని అర్థం. తర్వాత వంగి ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడండి. పోపు వాసన వస్తోందా, పిల్లల ఉచ్చ వాసన వస్తోందా, ఆరని బట్టల వాసన వస్తోందా? పోపు వాసన అయితే మీరే ఇంట్లో సంగతి చూస్కోవచ్చు, తక్కిన రెండూ కిందదాకా దిగిపోయిన వ్యవహారాలు.

మేము డాలస్ పక్కన ఉంటాం, మూడు అపార్ట్‌మెంట్లు మారి ఇప్పుడు ఇంట్లోకి వచ్చాం, నాలుగు చోట్లా గోడ నుంచి గోడ దాకా కార్పెట్టే. ఇన్నేళ్ళలో మనమే కడుక్కోవడం, కార్పెట్లు కడిగే మనిషిని పిలవడం, రెండూ చేసి, రెండిట్లోనూ డబ్బులు పోగొట్టుకుని చివరికి నాకు అర్థమైంది ఒకటే. కార్పెట్ కడగడం అంటే నీళ్ళు పొయ్యడం కాదు, పోసిన నీళ్ళు మళ్ళీ బయటికి లాగడం. ఎంత లాగగలరు అన్నదే లెక్క. మీ చేతిలో ఉన్న మిషన్ లాగగలిగినంత లోతులోనే మురికి ఉంటే మీరు చేసుకోండి, అంతకంటే కిందకి దిగితే మనిషిని పిలవండి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

కార్పెట్ కింద ఏముందో ముందు తెలుసుకోండి

పైన కనిపించేది పోగులు. ఆ పోగుల్ని పట్టుకుని ఉండేది కింద జిగురుతో అతికించిన గట్టి గుడ్డ. దాని కింద అర అంగుళం దాకా మందంలో స్పాంజి లాంటి ప్యాడ్ ఉంటది, దాని కింద చెక్కో కాంక్రీటో. పోగు నైలాన్, పాలియెస్టర్ లాంటి సింథటిక్ కాబట్టి తొందరగానే ఆరుద్ది, ప్యాడ్ మాత్రం స్పాంజి కదా, తాగిన నీళ్ళు వదలదు. చేతికి పైన పొడిగా తగులుద్ది, కింద తడి అలాగే కూర్చుని ఉంటది. తడిసినదేదైనా 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుద్దని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళు చెప్తారు, ఆ గడువు గుర్తుపెట్టుకోండి.

నాకు జరిగింది చెప్తాను. రెండో అపార్ట్‌మెంట్‌లో డిసెంబర్లో మా అత్తగారు వాళ్ళు వస్తున్నారని గ్రోసరీ షాపులోంచి కార్పెట్ కడిగే మిషన్ అద్దెకి తెచ్చి ఒక్కదాన్నే కడిగాను. ట్యాంకులోకి వచ్చే నీళ్ళు కాఫీ డికాషన్ రంగులో ఉంటే, ఇంత మురికి మీదా మనం కూర్చున్నాం అనిపించి మళ్ళీ పోశా, మళ్ళీ లాగా, మళ్ళీ పోశా, ముందుకి తోసేటప్పుడూ వెనక్కి లాగేటప్పుడూ కూడా నీళ్ళు వదిలే ట్రిగ్గర్ నొక్కే ఉంచా, అలా ఎనిమిది ట్యాంకులు. చలి అని కిటికీలు మూసేసి ఉంచాం. మూడో రోజు సోఫా కింద నుంచి ఆరని బట్టల వాసన మొదలైంది. చివరికి మనిషిని పిలిస్తే ఆయన మూల దగ్గర ప్లయర్‌తో కార్పెట్ పట్టుకుని నెమ్మదిగా పైకి లేపాడు, కింద ప్యాడ్ మీద వేలితో అదిమాడు, వేలి చుట్టూ నీళ్ళు గుంటలా ఊరినై. పైన కార్పెట్ అప్పటికి పూర్తిగా పొడిగా ఉంది. రెండు రోజులు పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాల్సి వచ్చింది, మొదటే పిలిచి ఉంటే అయ్యే ఖర్చు కంటే ఎక్కువే అయింది.

మీరే చేసుకోవచ్చా లేదా: నాలుగు విషయాలు చూడండి

ఒకటి, మరక వయసూ లోతూ. ఇవాళ పడ్డ సాంబారు, మొన్న పడ్డ టీ, బూట్లతో తెచ్చిన మట్టి, ఇవన్నీ పోగు పైభాగంలో ఉంటాయి, మీరే చేసుకోండి. గిన్నెడు పప్పు బోర్లా పడింది, పాల సీసా ఒలికి చూసుకోలేదు, పిల్లాడు ఒకే మూల నెలల తరబడి ఉచ్చ పోశాడు, వాషింగ్ మిషన్ పైపు లీకయింది అంటే ప్యాడ్ దాకా వెళ్ళినట్టే, మనిషినే పిలవండి. ఒక్కొక్కసారి ప్యాడ్ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సి వస్తది, అది అద్దె మిషన్‌తో అయ్యే పని కాదు. అనుమానంగా ఉంటే మరక మీద తెల్ల పేపర్ టవల్ మడతలు వేసి పైన నిలబడండి, ఒక నిమిషం ఆగి చూడండి, తడీ రంగూ ఇంకా వస్తూనే ఉంటే లోపల ఉందన్నమాట.

రెండు, పోగు ఏంటి. క్లోజెట్ లోపల మూల నుంచి రెండు మూడు పోగులు కత్తిరించి గ్లాసు నీళ్ళలో వేసి వేలితో కిందకి ముంచి వదలండి. పైకి తేలితే అది పాలీప్రొపిలీన్, ఇక్కడ షాపుల్లో ఓలెఫిన్ అంటారు. మునిగితే నైలానో పాలియెస్టరో. నైలాన్ గట్టిది కానీ పసుపు రంగుని బట్టకి అద్దకం వేసినట్టే పట్టేసుకుంటది. ఓలెఫిన్‌కి రంగు అంతగా అంటదు కానీ నూనె వదలదు, వేడికి ఇట్టే కరిగిపోద్ది, ఇస్త్రీ పెట్టె దాని జోలికి తీసుకెళ్ళొద్దు. పరిచిన కార్పెట్ కాకుండా విడిగా వేసుకునే రగ్గు అయితే, ఒక పోగు చిమ్టాతో పట్టుకుని సింక్ మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి, జుట్టు కాలిన వాసన వస్తే అది ఉన్నో పట్టో. దానికి అద్దె మిషన్ తగలనివ్వకండి, వాటి సంగతి కింద విడిగా చెప్తాను.

మూడు, కార్పెట్ ఎవరిది. సొంతిల్లయితే కార్పెట్ కొన్నప్పటి వారంటీ కాగితం ఒకసారి తియ్యండి, చాలా కంపెనీల వారంటీల్లో ఏడాదిన్నరకో రెండేళ్ళకో ఒకసారి ప్రొఫెషనల్ చేత వేడినీళ్ళ పద్ధతిలో కడిగించి రసీదు దాచాలని ఉంటది, మనం ఎంత శుభ్రంగా కడుక్కున్నా వాళ్ళకి రసీదే కావాలి. అద్దె ఇల్లయితే లీజ్ కాగితంలో ఖాళీ చేసేటప్పుడు ప్రొఫెషనల్ క్లీనింగ్ రసీదు ఇవ్వాలని రాసి ఉందేమో చూడండి. రాసి ఉంటే మీరు కడుక్కున్నా లాభం లేదు, ఆ డబ్బు మళ్ళీ పెట్టాల్సిందే.

నాలుగు, మీ నడుం, మీ టైం. రెండు బెడ్రూంలూ హాలూ మిషన్‌తో కడగడం అంటే సామాను జరపడంతో కలిపి నాలుగైదు గంటల పని. నీళ్ళు నింపిన మిషన్‌ని వెనక్కి లాగుతూ నడవాలి, ప్రెగ్నెన్సీలో ఉన్నా, నడుం నొప్పి ఉన్నా వద్దు. మూడో అంతస్తులో లిఫ్ట్ లేకపోతే మిషన్ మోసుకు రావడం ఇంకో పని.

ఇక డబ్బు లెక్క. మేము చివరిసారి అద్దెకి తెచ్చినప్పుడు మిషన్ 24 గంటలకి 40 డాలర్లు, సబ్బు ద్రవం 20 పైన, మొత్తం 65 దాకా అయింది. మనిషిని పిలిస్తే అదే ఇంటికి 170 అయింది. అంటే తేడా వంద డాలర్లు. ఆ వందకి అతని మిషన్ లాగే శక్తి మన మిషన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆరడం సగం టైంలో అవుద్ది. అందుకని నా పద్ధతి ఇది: మధ్యమధ్యలో మరకలు నేనే చేసుకుంటా, ఇల్లంతా కడగడం ఏడాదిన్నరకోసారి మనిషి చేతే. పాకే పిల్లలున్న ఇంట్లో వంద డాలర్లు చిల్లర పెట్టి చేతిలో పట్టుకునే చిన్న స్పాట్ క్లీనర్ కొనుక్కోవడం పెద్ద మిషన్ కంటే ఎక్కువ పనికొస్తదని నా గట్టి అభిప్రాయం.

పసుపు మరక, ఇది మన ఇళ్ళలో వేరే కథ

ఇక్కడ ఇంటర్నెట్‌లో ఉండే కార్పెట్ సలహాలన్నీ కాఫీ, వైన్, కుక్కల గురించి. మన ఇళ్ళలో పడేది పులిహోర, పప్పు, ఆవకాయ నూనె. వాళ్ళ సలహా మన మరకకి పెడితే ఏమవుద్దో వినాయక చవితి రోజు నేను చూశాను. పులిహోర కలుపుతున్న బేసిన్ లోంచి గుప్పెడు కార్పెట్ మీద పడింది, తెలిసినావిడ చెప్పిందని బట్టల సబ్బు పొడి నీళ్ళలో కలిపి బ్రష్‌తో రుద్దాను, రుద్దుతుండగానే పచ్చటి మరక ఎర్రగా మారింది. ఇటుక ఎరుపు, అరచేతి అంత. ఇంట్లో వాళ్ళు రక్తమేమో అని పరిగెత్తుకొచ్చారు.

అది కొత్తేం కాదండి, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎలా అవుద్దో ఇదీ అంతే. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే రంగుకి సున్నం గుణం ఉన్నది ఏది తగిలినా ఎరుపు తిరుగుద్ది, బట్టల సబ్బు, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్, కొన్ని కార్పెట్ సబ్బులు అన్నీ ఆ గుణం ఉన్నవే. తెల్ల చొక్కా మీద కూర పడ్డప్పుడు సబ్బు పెడితే ఎర్రబడటం మీరూ చూసే ఉంటారు. ఎర్రబడితే కంగారుపడి ఇంకా రుద్దకండి. తెల్ల వెనిగర్ ఒకటికి మూడు పాళ్ళు నీళ్ళు కలిపి అద్దితే మళ్ళీ పచ్చరంగుకి వస్తది, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

సరైన వరస ఇది. ముందు స్పూను అంచుతో గట్టి పదార్థం అంతా బయట నుంచి లోపలికి తీసెయ్యండి, మధ్య నుంచి బయటకి తీస్తే మరక పెరుగుద్ది. నూనె ఉంటది కాబట్టి పైన కార్న్ స్టార్చ్ చల్లి ఇరవై నిమిషాలు వదిలేసి వాక్యూమ్ చెయ్యండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు నాలుగు చుక్కలు రెండు కప్పుల గోరువెచ్చటి నీళ్ళలో వేసి తెల్ల గుడ్డ ముంచి పిండి అద్దండి, రంగు గుడ్డ వాడితే ఆ రంగు కార్పెట్‌కి ఎక్కే ప్రమాదం ఉంది. రుద్దొద్దు, అద్దడమే, గుడ్డలో శుభ్రమైన భాగం మారుస్తూ ఉండాలి. నూనె పోయి పచ్చదనం ఒక్కటే మిగిలాక, మెడికల్ షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ గుడ్డకి పట్టించి అద్దండి. పసుపు రంగు నీళ్ళలో కరగదు, ఆల్కహాల్లో కరుగుద్ది, గుడ్డ మీద పచ్చగా దిగడం మీకే కనిపిస్తది. ఆల్కహాల్ నేరుగా కార్పెట్ మీద పొయ్యొద్దు, కింద జిగురు పాడవుద్ది, స్టవ్వూ దీపమూ దగ్గర లేకుండా కిటికీ తీసి చెయ్యండి. అప్పటికీ నీడలా మిగిలితే నీళ్ళతో అద్ది శుభ్రం చేసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆ బ్రౌన్ సీసాలో దొరికేది, ముందు క్లోజెట్ మూలలో పరీక్ష చేసి అప్పుడు మరక మీద కొద్దిగా వెయ్యండి. వెనిగర్, పెరాక్సైడ్ ఒకే సీసాలో కలపొద్దు. బ్లీచ్ మాత్రం దేంతోనూ కలపొద్దు, కార్పెట్ మీద అసలు వద్దు.

ఆఖరి మందు ఎండ. కర్క్యుమిన్ వెలుతురికి నిలవదు, బట్టల మీద పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని మన అమ్మలకి తెలిసిందే. నా మరక అదృష్టం కొద్దీ బాల్కనీ తలుపు దగ్గర పడింది, బ్లైండ్స్ తీసి వదిలేస్తే అద్దంలోంచి వచ్చే ఎండకి పది పన్నెండు రోజుల్లో వెతికితే తప్ప కనపడనంతగా తగ్గింది.

ఇంకో ముఖ్యమైన మాట. మనిషిని పిలిచినా, పని మొదలుపెట్టే ముందే ఇక్కడ పసుపు పడింది అని చెప్పండి. వాళ్ళు మొదట కొట్టే స్ప్రే చాలావరకు ఆ సున్నం గుణం ఉన్నదే, చెప్పకపోతే కనపడని పాత మరకలు కూడా ఎర్రగా లేస్తాయి. చెప్తే ఆ చోటు వదిలేసి వేరే ద్రవంతో చేస్తారు.

మీరే ఇల్లంతా కడగాలనుకుంటే

ఎండగా, గాలి పొడిగా ఉన్న రోజు పొద్దున్నే మొదలుపెట్టండి, సాయంత్రం మొదలుపెడితే రాత్రంతా తడి మీదే ఉంటది. ముందు వాక్యూమ్, మామూలుగా చేసేదానికి రెండింతలు నెమ్మదిగా, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి. ఇది ఎవరూ సరిగ్గా చెయ్యరు కానీ కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడి మన్నూ దుమ్మే, అది ఉండగా నీళ్ళు పోస్తే బురద అవుద్ది. గోడ అంచుల్లో సన్నటి మూతి పెట్టి లాగండి.

తర్వాత ట్యాప్‌లో వచ్చే వేడి నీళ్ళు ట్యాంకులో పొయ్యండి, మరిగించినవి వద్దు, మిషన్ పాడవుద్ది, కార్పెట్ కూడా. సబ్బు సీసా మీద రాసిన కొలతకి ఒక్క చుక్క ఎక్కువ వెయ్యొద్దు, నిజానికి దానికంటే కొంచెం తక్కువే వెయ్యమంటాను. సబ్బు మిగిలిపోతే పోగు జిగటగా మారి నెలలో మళ్ళీ నల్లబడుద్ది, కడిగిన కార్పెట్ కడగనిదానికంటే తొందరగా మాసిపోయిందని చాలామంది అనేది ఇందుకే. బాగా మాసిన దారులు ఉంటే అక్కడ ముందుగా స్ప్రే కొట్టి పది నిమిషాలు నాననివ్వండి, ఆరిపోనివ్వొద్దు.

గదిలో తలుపుకి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపుకి రండి. ఒకసారి ట్రిగ్గర్ నొక్కి వెనక్కి లాగండి, ఆ తర్వాత అదే గీత మీద ట్రిగ్గర్ వదిలేసి మూడుసార్లు ఉత్తినే లాగండి. మిషన్ మూతి మీద ఉండే పారదర్శకమైన మూత చూస్తూ ఉండండి, నీళ్ళు అందులో పరుగెత్తుతూ కనపడతాయి, తర్వాత చారలు, తర్వాత చుక్కలు. చుక్కలు కూడా ఆగిపోయేదాకా లాగండి. నేను ఎనిమిది ట్యాంకుల రోజు చెయ్యనిది ఇదే, నీళ్ళ రంగు చూశాను, మూత చూడలేదు. మురికి నీళ్ళు పూర్తిగా తెల్లగా వచ్చేదాకా ఆగుదాం అనుకోవద్దు, రెండు సార్లు తర్వాత ఆపెయ్యండి. రెండో సారి సబ్బు లేకుండా ఉత్త నీళ్ళలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి తీస్తే మిగిలిన సబ్బు కూడా వచ్చేస్తది, వాసన ఆరాక ఉండదు. మురికి నీళ్ళు వంట సింక్‌లో కాకుండా టాయిలెట్‌లో పొయ్యండి.

సోఫా, మంచం వెంటనే వెనక్కి జరపకండి. తప్పకపోతే కాళ్ళ కింద అల్యూమినియం ఫాయిల్ ముక్కలు పెట్టండి, లేదంటే చెక్క రంగో ఇనుము తుప్పో కార్పెట్‌కి దిగి అవి కొత్త మరకలు, పసుపు కంటే మొండివి. ఫ్యాన్లు అన్నీ నేల మీదకి దించి కార్పెట్ మీదుగా గాలి వీచేలా పెట్టండి, బయట ఉక్కగా ఉంటే కిటికీలు తియ్యకుండా ఏసీ నడపండి, అది తడి లాగుద్ది. పిల్లల్ని ఆరేదాకా ఆ గదిలోకి వదలకండి.

దీపం నూనె ఒలికితే కార్న్ స్టార్చ్ పద్ధతే. మైనం అయితే ఐస్ ముక్కతో గట్టిపరిచి విరిచెయ్యండి. ఉచ్చకి ఎంజైమ్ క్లీనర్ వాడండి, అది పోసి సీసా మీద ఉన్నంత సేపు తడిగా ఉంచాలి, ఉచ్చ మీద వేడి నీళ్ళు మాత్రం వద్దు.

మనిషిని పిలిచేటప్పుడు

కూపన్ చూసి పిలవకండి. మాకు మెయిల్‌బాక్సులో మూడు గదులు 79 డాలర్లు అని కాగితం వస్తే పిలిచాం, వచ్చినాయన హాలు పెద్దది కాబట్టి రెండు గదులు అన్నాడు, ముందు స్ప్రే విడిగా, వాసన మందు విడిగా, మరకలు పట్టకుండా కొట్టే ప్రొటెక్టర్ విడిగా, సోఫా జరిపితే విడిగా, మొత్తం 310 చెప్పాడు. వద్దని పంపించేశాం కానీ ఆ రోజు సగం పోయింది, సామానంతా బాల్కనీలో ఉంది. మీరు ఫోన్‌లోనే గదుల కొలతలు చెప్పి, స్ప్రే, మెట్లు, సామాను జరపడం అన్నీ కలిపి మొత్తం ఎంత అని అడిగి, ఆ అంకె మెసేజ్‌లో పంపమనండి. పంపడానికి నసిగే వాళ్ళని వదిలెయ్యండి.

ఇంకా అడగాల్సినవి: వేడినీళ్ళు కొట్టి లాగే పద్ధతేనా అని. ఇక్కడ దాన్ని స్టీమ్ క్లీనింగ్ అంటారు గానీ నిజంగా ఆవిరి కాదు, వేడి నీళ్ళే. వ్యాన్‌లో ఉండే పెద్ద మిషన్ అయితే పైపు మీ అంతస్తు దాకా వస్తదా, లేకపోతే పోర్టబుల్ తెస్తారా. ఐఐసీఆర్‌సీ సర్టిఫికెట్ ఉందా, అది ఈ పని నేర్చుకున్న వాళ్ళకి ఇచ్చే ధ్రువీకరణ. ఇన్సూరెన్స్ ఉందా. మరక రెండు వారాల్లో తిరిగొస్తే ఉచితంగా వచ్చి చేస్తారా. ఎన్ని గంటల్లో ఆరుద్ది. ఆరు నుంచి పన్నెండు గంటలు అంటే మామూలు, రెండు రోజులు అంటే ఆలోచించండి.

వచ్చాక పక్కన ఉండి చూడండి, మొహమాటం అక్కర్లేదు. మొదట వాక్యూమ్ చేస్తున్నాడా, స్ప్రే కొట్టి ఆగుతున్నాడా, లాగేటప్పుడు ఉత్తి లాగుళ్ళు వేస్తున్నాడా. అద్దె ఇంట్లో ప్రొటెక్టర్ మీద డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తది. దారి పడిన చోట బూడిద రంగు పోకపోతే అతన్ని తప్పు పట్టకండి, అది మురికి కాదు, నడిచి నడిచి పోగు అరిగిపోయిన రంగు, ఎవరు కడిగినా పోదు.

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు సామాను వెళ్ళిపోయాక, తాళాలు ఇచ్చే ముందు కడిగించి, ఆరాక పగటి వెలుతురులో గదికి రెండు ఫోటోలు తియ్యండి, రసీదు మెయిల్‌లో ఆఫీసుకి పంపండి. టెక్సాస్‌లో అయితే మీ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇవ్వాలి, ఖాళీ చేసిన 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలన్నది చట్టం, అడ్రస్ ఇచ్చేదాకా డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళకి ఉండదు. కాలిఫోర్నియాలో 21 రోజులు. మామూలుగా వాడితే వచ్చే అరుగుదలకి డిపాజిట్‌లో కొయ్యకూడదు, కోస్తే కార్పెట్ వేసి ఎన్నేళ్ళయింది అని రాసి అడగండి, పాత కార్పెట్‌కి కొత్తదాని ధర మొత్తం వేస్తే ఊరుకోకండి.

ఊరి నుంచి తెచ్చుకున్న రగ్గులు

ఉన్నివి, పట్టువి, ఏలూరు కార్పెట్లు గానీ కాశ్మీరువి గానీ, ఇవి నేల మీద ఉంచి కడిగేవి కావు. రగ్గులు తీసుకెళ్ళి విడిగా నీళ్ళలో ఉతికి ఆరబెట్టే వాళ్ళు ఉంటారు, చదరపు అడుగుకి ఇంత అని తీసుకుంటారు, ఖరీదే కానీ చేత్తో నేసిన దానికి పెట్టాల్సిందే. ఈలోపు బ్రష్ తిరగకుండా ఆపేసిన వాక్యూమ్‌తో రెండు వైపులా లాగండి, బయట రెయిలింగ్ మీద వేసి దులపండి. మరకలు తీసే ఆక్సీ పొడులు, బట్టల సబ్బు, బ్లీచ్ ఉన్నిని తినేస్తాయి.

వరంగల్ దర్రీలు వేరు, అవి నూలువి, 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిన నేత అది. తడి తెల్లగుడ్డ పది నిమిషాలు మూలలో అదిమి పెట్టి చూడండి, రంగు దిగకపోతే చన్నీళ్ళలో కొద్దిపాటి లిక్విడ్ సబ్బుతో మీరే ఉతుక్కోవచ్చు, నీడన పరిచి ఆరబెట్టండి, వేలాడదీస్తే సాగుద్ది. రంగు దిగితే రగ్గులు ఉతికే వాళ్ళకే ఇవ్వండి.

హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నల ఇంటికి ఇది వర్తిస్తుందా అంటే, అక్కడ టైల్స్ మీద విడిగా పరిచిన కార్పెట్టే కాబట్టి సగం సమస్య లేదు, డాబా మీదకి తీసుకెళ్ళి దులిపి ఎండలో వేస్తే చాలావరకు అయిపోతది. సోఫాతో కలిపి ఇంటికొచ్చి షాంపూ కొట్టేవాళ్ళని పిలిస్తే తడి వాక్యూమ్ తెస్తున్నారా అని ముందే అడగమనండి, ఉత్త నురగ పెట్టి బ్రష్ తిప్పి వెళ్ళిపోతే సబ్బంతా అందులోనే ఉంటది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో మాత్రం కడిగించొద్దు, ఫిబ్రవరి, మార్చి మంచివి.

మూడో రోజు చూడాల్సింది

మీరు కడిగినా వాళ్ళు కడిగినా మూడో రోజు పొద్దున చెప్పులు లేకుండా, సాక్సులు వేసుకుని ఇల్లంతా ఒకసారి నడవండి. సాక్సులకి తడి తగిలితే అక్కడికి ఫ్యాన్ జరపండి. పోయిన మరక మళ్ళీ అదే చోట లేస్తే, ప్యాడ్‌లో ఉన్న మురికి ఆరేటప్పుడు నూలు వత్తి నూనె పీల్చినట్టు పోగు వెంట పైకి వచ్చిందన్నమాట. మళ్ళీ నీళ్ళు పొయ్యకుండా, ఆ చోట కొద్దిగా తడిపి పేపర్ టవల్ దొంతర వేసి పైన పప్పు డబ్బానో లావుపాటి పుస్తకమో బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి, పైకి వచ్చేది కాగితంలోకి వస్తది. రెండు రాత్రులు చేసినా ఇంకా లేస్తుంటే, మనిషి చేత చేయించి ఉంటే ఆ రెండు వారాల లోపే ఫోన్ చెయ్యండి, మీరే చేసి ఉంటే మిషన్ మళ్ళీ అద్దెకి తేకుండా ఇప్పుడు మనిషిని పిలవండి.